కేసు కేసుకో తీర్పు: ఆర్లెన్ స్పెక్టర్ రాజకీయం

అమెరికా మాజీ సెనేటర్ ఆర్లెన్ స్పెక్టర్ రెండుసార్లు కండువా మార్చారు. 1965లో డెమొక్రాట్ ఓటరుగా నమోదై ఉండగానే రిపబ్లికన్ టికెట్ మీద ఫిలడెల్ఫియా డిస్ట్రిక్ట్ అటార్నీగా గెలిచి, ఆ తర్వాత ఆ పార్టీలో చేరారు. 2009లో, 28 ఏళ్లకు పైగా రిపబ్లికన్ సెనేటర్‌గా పనిచేశాక, తిరిగి డెమొక్రాట్లలోకి వెళ్లారు. ఇంతవరకే చూస్తే మనకు బాగా తెలిసిన బాపతు నాయకుడే అనిపిస్తారు. కానీ ఆ రెండు గెంతులకూ మధ్య ఉన్న నాలుగు దశాబ్దాల రికార్డు తిరగేస్తే లెక్క అంత తేలిగ్గా తెగదు. గాలివాటం మనిషైతే సొంత పార్టీ అధ్యక్షుడు సుప్రీంకోర్టుకు పంపిన పేరును టీవీ కెమెరాల ముందు ప్రశ్నలేసి మరీ వ్యతిరేకించడు. చావు బతుకుల ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఆ పార్టీ ఓటర్లే ఎంచుకునే ఎన్నిక) ముందుందని తెలిసీ ప్రత్యర్థి పార్టీ బిల్లుకు ఓటేయడు.

పెన్సిల్వేనియా నుంచి అందరికంటే ఎక్కువ కాలం, 30 ఏళ్లు, సెనెట్‌లో కూర్చున్న ఈ మనిషిని అర్థం చేసుకోవడానికి పార్టీ జెండా కంటే ఆయన పాత ఉద్యోగమే ఎక్కువ పనికొస్తుంది. ఆయన ప్రాసిక్యూటర్. ప్రతి విషయాన్నీ విడి కేసుగా చూడటం, సాక్ష్యం ఎంతుందో బేరీజు వేయడం, ఎదుటివాడి మాటల్లో పొసగని చోటు పట్టుకోవడం ఆయన అలవాట్లు. బయటివాళ్లు దాన్ని మధ్యేవాదం అన్నారు. ఈ పద్ధతి ఆయన్ను నిలబెట్టింది, పరువు తీసింది, చివరికి రెండు పార్టీల్లోనూ చోటు లేకుండా చేసింది.

ముందు ఆ ఉద్యోగం సంగతి. మన దగ్గర పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని ప్రభుత్వం నియమిస్తుంది. పీపీ ఎవరో ఊళ్లో లాయర్లకు తప్ప మామూలు జనానికి తెలియదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో డిస్ట్రిక్ట్ అటార్నీని (డీఏ) జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. ఎవరి మీద కేసు పెట్టాలి, ఎంత పెద్ద సెక్షన్ పెట్టాలి, ఎవరితో రాజీకి రావాలి అన్నది చాలావరకు ఆయన చేతిలోనే ఉంటుంది. రోజూ పేపర్లో పేరు వస్తుంది. అందుకే ఆ కుర్చీ పెద్ద పదవులకు మెట్టు. సెనెట్‌లో స్పెక్టర్ పక్కనే కూర్చున్న పాట్రిక్ లేహీ వెర్మాంట్‌లో స్థానిక ప్రాసిక్యూటర్‌గా, ఎమీ క్లోబుచార్ మినసోటాలోని హెన్నెపిన్ కౌంటీ అటార్నీగా ఈ మెట్టు ఎక్కి వచ్చినవాళ్లే.

స్పెక్టర్ 1930లో కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో పుట్టారు. తండ్రి ఉక్రెయిన్ ప్రాంతం నుంచి వలస వచ్చిన యూదుడు. పళ్లు అమ్మారు, తర్వాత రసెల్ అనే చిన్న ఊళ్లో పాత ఇనుము వ్యాపారం చేశారు. తర్వాతి రోజుల్లో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి అయిన బాబ్ డోల్‌ది కూడా అదే రసెల్ కావడం చిత్రమే. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుడు. ప్రభుత్వం ఇస్తానన్న బోనస్ చెప్పిన వేళకు ఇవ్వలేదు. ఆ బోనస్ వసూలు చేయడానికే వాషింగ్టన్ బయల్దేరానని స్పెక్టర్ తరచూ చెప్పుకునేవారు. పెన్సిల్వేనియా యూనివర్సిటీ, యేల్ లా స్కూల్ చదువుల తర్వాత ఫిలడెల్ఫియా డీఏ ఆఫీసులో అసిస్టెంట్‌గా చేరారు. 1963లో లారీ కార్మికుల యూనియన్ టీమ్‌స్టర్స్ స్థానిక నాయకులకు శిక్ష పడేలా చేయడంతో పేరు వాషింగ్టన్ దాకా పాకింది.

మరుసటి ఏడాదే, 33 ఏళ్ల వయసులో, కెనెడీ హత్యను విచారించిన వారెన్ కమిషన్‌లో జూనియర్ లాయర్‌గా చేరారు. ఆయన బుర్ర ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఇక్కడ కాసేపు ఆగాలి. కమిషన్ ముందున్న చిక్కు ఇది. హంతకుడిగా పట్టుబడ్డ ఆస్వాల్డ్ వాడిన రైఫిల్‌తో ఒక గుండు పేల్చాక రెండోది పేల్చడానికి కనీసం 2.3 సెకన్లు పడుతుంది. రోడ్డు పక్కన నిలబడి ఒక బట్టల వ్యాపారి తీసిన ఫిల్మ్ సెకనుకు 18.3 ఫ్రేములు తిరుగుతుంది. దాన్ని ఫ్రేము ఫ్రేముగా చూస్తే కెనెడీ, ఆయన ముందు సీట్లో ఉన్న టెక్సస్ గవర్నర్ కానలీ ఇద్దరూ అంతకంటే తక్కువ వ్యవధిలోనే దెబ్బతిన్నట్టు కనిపిస్తుంది. అంటే కాల్చినవాళ్లు ఇద్దరై ఉండాలి, లేదా ఒకే గుండు ఇద్దరికీ తగిలి ఉండాలి.

స్పెక్టర్ రెండో దారి పట్టారు. గుండు కెనెడీ మెడలోంచి బయటికొచ్చిందని పోస్టుమార్టం చేసిన డాక్టర్లు చెబుతున్నారు. బయటికొచ్చిన గుండు కారులో ఎక్కడా గుచ్చుకోలేదు. మరి ఎక్కడికి పోయినట్టు? కానలీ మడత సీటు కెనెడీ సీటు కంటే కొంచెం కిందికి, కొంచెం లోపలికి ఉంది. 1964 మేలో డల్లాస్‌లో అదే రోడ్డు మీద ఘటనను మళ్లీ నడిపించి కోణాలు కొలిచారు. గరాజులో ఇద్దరు మనుషుల్ని కూర్చోబెట్టి, గుండు దారి ఇదీ అని కడ్డీతో చూపిస్తున్న స్పెక్టర్ ఫొటో కమిషన్ రికార్డుల్లో ఉంది. పోస్టుమార్టం ఫొటోలు మాత్రం కమిషన్ లాయర్ల చేతికి ఇవ్వలేదు, బొమ్మలతోనే సరిపెట్టుకున్నారు. తర్వాత అరవై ఏళ్ల అనుమానాలకు ఆ లోటు కూడా ఎరువైంది. ఆస్పత్రి స్ట్రెచర్ మీద దొరికిన గుండు పెద్దగా చెక్కుచెదరకుండా ఉండటంతో జనం దాన్ని మాయగుండు అని ఎగతాళి చేశారు. తనకు తగిలింది వేరే గుండేనని కానలీ చివరిదాకా నమ్మారు. స్పెక్టర్ కూడా తన వాదన మీద చివరిదాకా నిలబడ్డారు. ఊహకు నచ్చకపోయినా, చేతిలో ఉన్న సాక్ష్యం అంతా ఇమిడే కథ ఏదో అదే చెబుతాను అన్న మొండితనం అది.

అక్కణ్ణుంచి తిరిగొచ్చాక ఫిలడెల్ఫియాలో డీఏ పదవికి పోటీ చేయాలనుకున్నారు. ఊరు డెమొక్రాట్ల గుప్పిట్లో ఉంది. స్వతంత్రంగా ఆలోచించే కుర్ర లాయర్ ఆ పార్టీ పెద్దలకు అక్కర్లేదు. రిపబ్లికన్లకు మాత్రం అలాంటివాడే కావాలి. తన పాత బాస్ జేమ్స్ క్రమ్లిష్ మీదే పోటీ చేసి గెలిచారు. అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో ద్రోహిగా మిగిలిన బెనెడిక్ట్ ఆర్నాల్డ్ పేరును కలిపి పాత పార్టీవాళ్లు ఆయనకు ‘బెనెడిక్ట్ ఆర్లెన్’ అని పేరు పెట్టారు. రెండు దఫాలు డీఏగా ఉన్నారు. ఆయన ఆఫీసులో చేరిన కుర్ర లాయర్లలో ఎడ్ రెండెల్ ఒకరు. డెమొక్రాట్‌గా గవర్నర్ అయిన ఈ రెండెల్ కథ చివర్లో మళ్లీ వస్తారు.

ఆ తర్వాత వరసగా దెబ్బలే. 1967లో మేయర్ ఎన్నికలో సుమారు 11 వేల ఓట్లతో ఓటమి. 1973లో డీఏ కుర్చీ పోయింది. 1976లో సెనెట్ ప్రైమరీలో జాన్ హైంజ్ చేతిలో, 1978లో గవర్నర్ ప్రైమరీలో డిక్ థార్న్‌బర్గ్ చేతిలో ఓడారు. ఇన్నిసార్లు ఓడినవాణ్ణి మన దగ్గరైతే ఏ కార్పొరేషన్ చైర్మన్ పదవో ఇచ్చి కూర్చోబెట్టేవాళ్లు. ఆయన 1980లో మళ్లీ సెనెట్‌కు దిగి, రీగన్ గాలిలో, పిట్స్‌బర్గ్ మాజీ మేయర్ పీట్ ఫ్లాహెర్టీ మీద గట్టెక్కారు.

సెనెట్‌లో ఆయన అసలు మకాం జడ్జీల నియామకాలను పరిశీలించే జ్యుడీషియరీ కమిటీ. మొదట్లో చేయించిన చట్టం కూడా పాత ఉద్యోగం వాసన కొట్టేదే: పాత నేర చరిత్ర ఉన్నవాళ్లు మళ్లీ తుపాకీతో దొరికితే కనీసం 15 ఏళ్ల జైలు అన్న 1984 చట్టం. మరణశిక్షకు అనుకూలం, గర్భస్రావ హక్కుకూ అనుకూలం. పార్టీ మేనిఫెస్టోలో ఈ రెండూ ఒకచోట ఇమడవు.

1987లో రీగన్ సుప్రీంకోర్టుకు రాబర్ట్ బోర్క్ పేరు పంపారు. బోర్క్ సామాన్యుడు కాదు. కన్జర్వేటివ్ న్యాయ మేధావుల్లో పెద్ద తలకాయ. మిగతా సెనేటర్లు చాలామంది తమ సిబ్బంది రాసిచ్చిన ప్రశ్నలు చదివితే, స్పెక్టర్ బోర్క్ పాత వ్యాసాలు చదువుకుని వచ్చారు. రాజకీయ భాషణకు తప్ప మరే రకం మాటకూ రాజ్యాంగ రక్షణ ఉండక్కర్లేదని బోర్క్ 1971లో రాశారు. ఇప్పుడేమో కోర్టు పాత తీర్పుల్ని ఒప్పుకుంటానంటున్నారు. తప్పని నమ్మే తీర్పును రేపు కొత్త కేసులో మనస్ఫూర్తిగా ఎలా వర్తింపజేస్తారు అన్నది స్పెక్టర్ వేసిన మెలిక. గంటల తరబడి నడిచిన ఆ ప్రశ్నోత్తరాలు లా క్లాసులా ఉన్నాయని అప్పట్లో చెప్పుకున్నారు. చివరికి ఆయన వ్యతిరేకంగా ఓటేశారు. బోర్క్ 42-58 తేడాతో ఓడారు. గీత దాటిన రిపబ్లికన్లు ఆరుగురు; కమిటీలో కూర్చుని ప్రశ్నలేసి మరీ దాటిన రిపబ్లికన్ మాత్రం స్పెక్టర్ ఒక్కరే. కన్జర్వేటివ్‌లు ఆ పద్దును చివరిదాకా మర్చిపోలేదు.

నాలుగేళ్లకే అదే గదిలో అదే నైపుణ్యం వికృతంగా కనిపించింది. 1991 అక్టోబర్‌లో క్లారెన్స్ థామస్ నియామకం మీద విచారణ. ఆయన తనను లైంగికంగా వేధించారని లా ప్రొఫెసర్ అనితా హిల్ చెప్పడానికి వచ్చారు. ఎదురుగా కమిటీలో ఉన్న 14 మందీ మగవాళ్లే. హిల్‌ని ప్రశ్నించే పనిని రిపబ్లికన్లు స్పెక్టర్‌కు అప్పజెప్పారు. ఆయన అసలు ఆరోపణ జోలికి ఎక్కువ పోకుండా, సెనెట్ సిబ్బందితో ఆమె ముందే ఏం మాట్లాడిందన్న కొస పట్టుకున్నారు. పొద్దున చెప్పిన జవాబుకూ మధ్యాహ్నం చెప్పినదానికీ తేడా ఉందని, అది పచ్చి అబద్ధపు సాక్ష్యమని కమిటీలోనే అనేశారు. క్రాస్ ఎగ్జామినేషన్ లెక్కన అది మామూలు ఎత్తుగడే. కానీ అక్కడ ఆమె ముద్దాయి కాదు, తరఫున అభ్యంతరం చెప్పే లాయర్ లేడు, ఆపే జడ్జీ లేడు. టీవీలో కోట్లమంది చూశారు. థామస్ 52-48తో గట్టెక్కారు. స్పెక్టర్‌కు బిల్లు ఏడాది తర్వాత వచ్చింది: ఆ విచారణ చూసి మండిపడి రాజకీయాల్లోకి దిగిన లిన్ యేకెల్ 1992లో ఆయన్ను మూడు శాతం ఓట్ల దూరం దాకా తరిమారు.

ఈ రెండు ఘటనల్నీ కలిపి చూస్తే ఆయన మధ్యేవాదంలో ఒక లోపం కనిపిస్తుంది. బోర్క్ అప్పుడు ఒకవైపును, హిల్ అప్పుడు మరోవైపును నొప్పించి త్రాసు సమం చేశారని విమర్శకులు అన్నారు. అది పూర్తిగా నిజమని చెప్పలేం. నాలుగేళ్ల తేడాతో ఆయన చేసింది ఒకే పని. తేడా ఎదుట కూర్చున్న మనిషిది. అధికారం కోరి వచ్చినవాడికి వేసే ప్రశ్నలూ, బాధ చెప్పుకోవడానికి వచ్చినవాళ్లకు వేసే ప్రశ్నలూ ఒకటే కాకూడదన్న ఇంగితం ఆ పద్ధతిలో లేదు.

1999లో క్లింటన్ అభిశంసన ఓటింగ్ రోజు ఇంకో విచిత్రం చేశారు. దోషి, నిర్దోషి అన్న రెండు జవాబులే ఉన్న చోట, స్కాట్లాండ్ చట్టంలోని మూడో జవాబు తెచ్చారు: రుజువు కాలేదు, కాబట్టి దోషి కాదు. సాక్షుల్ని సరిగ్గా విచారించకుండా తీర్పేమిటన్నది ఆయన అభ్యంతరం. రికార్డులో దాన్ని నిర్దోషి ఓటుగానే రాసుకున్నారు. జనం నవ్వారు. రిపబ్లికన్లు పళ్లు నూరారు. వాదనగా చూస్తే మాత్రం అందులో తప్పు పట్టడం కష్టం.

పేరు తెచ్చిన గొడవల కంటే నిలిచిన పని వేరే ఉంది. డెమొక్రాట్ టామ్ హార్కిన్‌తో కలిసి ఆయన 1998-2003 మధ్య జాతీయ ఆరోగ్య సంస్థల బడ్జెట్‌ను దాదాపు 1,300 కోట్ల డాలర్ల నుంచి 2,700 కోట్లకు పెంచారు. కేటాయింపుల సబ్‌కమిటీ కుర్చీలో ఒకసారి ఈయన, ఒకసారి ఆయన. ఎవరు కూర్చున్నా పని ఆగేది కాదు. తర్వాత స్పెక్టర్‌కే క్యాన్సర్ వచ్చింది. 2005లో హాజ్కిన్స్ వ్యాధి బయటపడ్డప్పుడు జ్యుడీషియరీ కమిటీ చైర్మన్ అయి నెలన్నరే. కీమోతో జుట్టంతా రాలిపోయిన తలతో కమిటీ సమావేశాలు నడిపారు.

ఆ కుర్చీ కూడా ఊరికే రాలేదు. 2004 ప్రైమరీలో కన్జర్వేటివ్ ఎంపీ పాట్ టూమీ ఆయన్ను దాదాపు పడగొట్టారు. అధ్యక్షుడు బుష్ స్వయంగా వెనక నిలబడినా, పోలైన పది లక్షలకు పైగా ఓట్లలో మిగిలింది సుమారు 17 వేల మెజారిటీ. అసలు ఎన్నికలో 53-42తో సులువుగా గెలిచారు. ఈ రెండు అంకెల మధ్య దూరంలోనే ఆయన భవిష్యత్తు రాసి ఉంది. గెలిచిన మర్నాడే, గర్భస్రావ హక్కును కొట్టేసే జడ్జీలు సెనెట్‌లో గట్టెక్కడం కష్టం అన్నట్టు మాట్లాడటంతో చైర్మన్ పదవి ఇవ్వొద్దని పార్టీలో తిరుగుబాటు లేచింది. అధ్యక్షుడి నామినీలను అడ్డుకోనని మాటిచ్చాకే కుర్చీ దక్కింది. రాబర్ట్స్, అలిటో ఇద్దరూ ఆయన చేతుల మీదుగానే సుప్రీంకోర్టుకు వెళ్లారు.

చైర్మన్‌గా ఆయన పేరు మీద వచ్చిన ఒక బిల్లు తెలుగువాళ్లకు నేరుగా తగిలేదే. 2006 వలస సంస్కరణ బిల్లులో హెచ్‌1బీ వీసాల పరిమితిని ఏడాదికి 65 వేల నుంచి లక్షా 15 వేలకు పెంచాలని ఉంది. సెనెట్‌లో 62-36తో గట్టెక్కింది. ప్రతినిధుల సభ దాన్ని పట్టించుకోలేదు. హైదరాబాద్, విజయవాడల నుంచి లాటరీ టెన్షన్‌తో ఎదురుచూసేవాళ్లకు ఆ 65 వేల అంకె ఇప్పటికీ అలాగే ఉంది. అమెరికాలో పీజీ చేసినవాళ్ల కోటా 20 వేలు అదనం.

అదే ఏడాది సెప్టెంబర్‌లో ఆయన బలహీనత కూడా బయటపడింది. గ్వాంటనామోలోని అమెరికా సైనిక జైలు ఖైదీలకు కోర్టుకెళ్లే హక్కు తీసేసే బిల్లు వచ్చింది. ఇది శతాబ్దాల నాటి హెబియస్ కార్పస్ సూత్రాన్నే వెనక్కి తీసుకెళ్తుందని గట్టిగా వాదించి సవరణ పెట్టారు. 48-51తో వీగిపోయింది. ఆ తర్వాత అదే బిల్లుకు అనుకూలంగా ఓటేశారు. తప్పును కోర్టు సరిచేస్తుందన్నారు. 2008లో సుప్రీంకోర్టు నిజంగానే ఆ సెక్షన్ కొట్టేసింది. జోస్యం ఫలించింది, సరే. కానీ రాజ్యాంగ విరుద్ధమని తాను నమ్మినదానికి ఓటేసిన శాసనసభ్యుడు తన పనిని జడ్జీల నెత్తిన పెట్టినట్టే. లాయర్‌గా గెలిచి సెనేటర్‌గా ఓడిన రోజు అది.

2009 ఫిబ్రవరి. ఆర్థిక మాంద్యం మధ్యలో ఒబామా 78,700 కోట్ల డాలర్ల ఉద్దీపన బిల్లు. సెనెట్‌లో మద్దతిచ్చిన రిపబ్లికన్లు ముగ్గురే: సుజన్ కాలిన్స్, ఒలింపియా స్నో, స్పెక్టర్. ఓటుకు బదులుగా ఆరోగ్య పరిశోధనకు వెయ్యి కోట్ల డాలర్లు రాబట్టారు. ఆ ఓటుతో పార్టీలో ఆయన పని అయిపోయింది. ఏప్రిల్‌లో టూమీ మళ్లీ బరిలో దిగారు.

పెన్సిల్వేనియా ప్రైమరీలో ఓటేయాలంటే ఆ పార్టీ ఓటరుగా నమోదై ఉండాలి. ఏ పార్టీకీ చెందనివాళ్లకు తలుపులు మూసే ఉంటాయి. ఫిలడెల్ఫియా శివార్లలో ఆయన్ను ఇన్నాళ్లూ గెలిపించిన మధ్యరకం రిపబ్లికన్లు 2008లో ఒబామా, హిల్లరీల పోటీలో ఓటేయడానికి డెమొక్రాట్లుగా మారిపోయారు. రాష్ట్రం మొత్తం మీద అలా మారినవాళ్లు రెండు లక్షలకు పైనే అని స్పెక్టరే చెప్పారు. మిగిలిన ఓటర్లు టూమీ మనుషులు. ఏప్రిల్ 28న స్పెక్టర్ కూడా తన ఓటర్లు వెళ్లిన దారినే వెళ్లారు. ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ మధ్య రైల్లో ఏళ్ల తరబడి ఆయనతో కలిసి తిరిగిన ఉపాధ్యక్షుడు బైడెన్, పాత శిష్యుడు గవర్నర్ రెండెల్ ఇద్దరూ వెనక ఉండి నడిపించారు. మనకు 1985 నుంచి ఉన్న ఫిరాయింపుల చట్టం లాంటిది అమెరికాలో లేదు. సీటు వదులుకోవక్కర్లేదు, స్పీకర్ నోటీసుల కోసం ఎదురుచూడక్కర్లేదు. అడ్డుకునేది ఓటరొక్కరే.

కొత్త ఇంట్లో ఆదరణ అంతంతమాత్రమే. సీనియారిటీ కాపాడతామన్న హామీ వారం తిరిగేసరికి నీరుగారి, కమిటీల్లో చివరి కుర్చీ దక్కింది. ఆ డిసెంబర్ 24న ఒబామా ఆరోగ్య బీమా బిల్లు సెనెట్‌లో 60-39తో నెగ్గింది. చర్చను సాగదీసి బిల్లును ఆపే ఫిలిబస్టర్‌ను దాటడానికి కావాల్సిన 60లో ఆయన ఓటూ ఒకటి. ఆయన పార్టీ మారకపోయుంటే ఆ చట్టం ఆ రూపంలో వచ్చేదా అన్నది అనుమానమే.

2010 మే 18 ప్రైమరీలో ఎదురు నిలిచినవారు మాజీ నౌకాదళ అధికారి జో సెస్టాక్. ఆయన టీవీ యాడ్‌కు కావాల్సిన సరుకు స్పెక్టరే ఇచ్చి పెట్టారు: పార్టీ మారితే మళ్లీ గెలవగలనని తన నోటితో అన్న వీడియో. దానికి తోడు 2004లో బుష్ మెచ్చుకున్న దృశ్యం. పోలింగ్‌కు వారం ముందు ఒబామా సుప్రీంకోర్టుకు ఎలీనా కేగన్ పేరు ప్రకటించారు. ఏడాది కిందట రిపబ్లికన్‌గా ఉండగా, ఇదే కేగన్ సొలిసిటర్ జనరల్ పదవికి వద్దని స్పెక్టర్ ఓటేసి ఉన్నారు. ఇప్పుడేమంటారని అడిగితే ఏ జవాబు చెప్పినా ఇరకాటమే. ఒబామా, బైడెన్, రెండెల్ అందరూ మద్దతిచ్చినా 54-46 తేడాతో ఓడిపోయారు. నిజాయితీగా కారణం చెప్పి పార్టీ మారిన నాయకుడికి ఆ నిజాయితీయే ఉరితాడైంది.

సెనెట్ వదిలాక పెన్సిల్వేనియా యూనివర్సిటీ లా స్కూల్లో పాఠాలు చెప్పారు. క్యాన్సర్ మళ్లీ వచ్చి 2012 అక్టోబర్ 14న ఫిలడెల్ఫియాలో, 82 ఏళ్ల వయసులో చనిపోయారు. ఆ సీటు కథ మాత్రం ఆగలేదు. 2010 నవంబర్‌లో సెస్టాక్‌ను ఓడించి టూమీ సెనేటర్ అయ్యారు. స్పెక్టర్‌ను పార్టీలోంచి తరిమిన ఆ కన్జర్వేటివే 2021 ఫిబ్రవరిలో అభిశంసన విచారణలో ట్రంప్‌ను దోషిగా తేల్చాలని ఓటేసిన ఏడుగురు రిపబ్లికన్లలో ఒకరు. వెంటనే సొంత రాష్ట్రంలో కొన్ని కౌంటీల పార్టీ కమిటీలు టూమీని తప్పుపడుతూ తీర్మానాలు చేశాయి. 2022లో పోటీ చేయనని ఆయన అప్పటికే చెప్పి ఉండటంతో ప్రైమరీ దాకా వెళ్లే పని పడలేదు.